మా పెదనాన్న కారుకి తలంటు

నా చిన్నప్పుడు మా మలయ్ దేశంలో చలికాలం అనే మాటే లేదు. ఎండ కాస్తే ఎండ, వాన పడితే వాన, అంతే. అందుకే మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో చదువుతూ పడీ పడీ నవ్వితే నాకు ముందు అర్థం కాలేదు. మంచు కురిసే దేశాల్లో చలికాలం రాకముందే కారుని ఎలా సిద్ధం చేసుకోవాలో ఎవరో వివరంగా రాశారట. నీళ్ళు గడ్డకట్టకుండా ఏం పోయాలి, టైర్లు ఎప్పుడు మార్చాలి, బండిలో దుప్పటీ పారా ఎందుకు పెట్టుకోవాలి అని. సైబర్‌జయలో ఫ్యాను కింద కూర్చున్న పిల్లకి ఆ వ్యాసం ఎందుకు చూపించిందో ఆ ఫోనుకే తెలియాలి. అది నవ్వి ఊరుకుంది. నేను మాత్రం లేచి హాల్లో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను. బయట మబ్బు పట్టింది. మబ్బు పడితే నాకు కూర్చోబుద్ధి కాదు. అరవై దాటినా ఆ జబ్బు వదల్లేదు. అది ఏ రోజున పట్టుకుందో కూడా నాకు బాగా గుర్తు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. హుటాన్ మెలింటాంగ్‌కి కొంచెం లోపలగా ఒక తోటలో ఉండేవాళ్ళం. మా వాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి అప్పటికే మూడు తరాలు. అమ్మా నాన్నా తోట పనికి వెళ్ళేవారు. పక్క వాటాలో మా పెదనాన్న, ఆయన కూతురు, మా మామ్మ ఉండేవారు. మామ్మ అంటే మా నాన్నకి తల్లి. పెదనాన్న కూతుర్ని నేను అక్క అనేదాన్ని. పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళైంది కాబట్టి అక్కని పెంచింది మామ్మే. నేను పేరుకి మా ఇంట్లో, ఉండేది వాళ్ళింట్లో. నన్ను ఒకచోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు. అన్నం తినేటప్పుడు కూడా నిలబడే తినేదాన్ని.

పెదనాన్న తోట లారీ నడిపేవాడు. సొంతానికి ఆయనకి ఒక పాత కారు ఉండేది, లేత ఆకుపచ్చది. తోట వదిలి వెళ్ళిపోయిన గుమాస్తా దగ్గర కొన్నాడు. ఆ కారుని ఎవరు ముట్టుకున్నా ఆయనకి ఒళ్ళు మండేది. తలుపు మెల్లగా వేయాలి, చెప్పులు దులుపుకుని ఎక్కాలి, సీటు మీద ఏమీ తినకూడదు. అన్నిటికన్నా పెద్ద కట్టడి మామ్మకే. కారులో చుట్ట కాల్చకూడదు.

మా మామ్మ అడ్డపొగ కాల్చేది. అంటే నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. పెదవులు మూసుకుని, కళ్ళు సగం మూసి, పని చేసుకుంటూనే కాల్చేది. ఆవిడ నడుము దగ్గర చీర మడతలో ఎప్పుడూ ఒక చిన్న రేకు డబ్బా ఉండేది. అందులో నాలుగైదు చుట్టలు, ఒక కాగితం పొట్లంలో మెత్తగా జల్లించిన పొయ్యి బూడిద. చుట్ట కాల్చిన ప్రతిసారీ ఆ బూడిదతో పళ్ళు తోముకునేది. ఆవిడ పళ్ళు చివరిదాకా గట్టిగానే ఉన్నాయి, అది వేరే సంగతి. ఆ వాసన సీటు గుడ్డకి పడితే వదలదని పెదనాన్న బాధ.

వానలు ముదిరే ముందు ఒక ఆదివారం పెదనాన్న కారుని సిద్ధం చేసేవాడు. ఆ ఆదివారం ఆయన్ని పలకరించడానికి మా నాన్న కూడా భయపడేవాడు. బానెట్ ఎత్తి, వైర్లన్నీ ఒక్కొక్కటే పొడిగుడ్డతో తుడిచి, పడవ ఇంజన్లకి వాడే గ్రీజు పల్చగా రాసేవాడు. అది జెట్టీ దగ్గర ఉన్న స్నేహితుడు ఇచ్చేవాడు. ప్లగ్గులకి కరెంటు పంచే డబ్బా ఉంటుంది కదా, దానిలోకి తడి వెళ్ళకుండా పాత సైకిల్ ట్యూబు కోసి తొడిగేవాడు. టైరు గాడిలో గోరు పెట్టి లోతు చూసేవాడు. వెనక డిక్కీలో రెండు గోనె సంచులు, ఒక చెక్క, తాడు, చక్రం దిగబడితే కింద వేయడానికి ఒక బుట్టెడు కొబ్బరి డొక్కలు. ఆ డొక్కలు చూసి అక్క నవ్వేది. నేను నవ్వేదాన్ని కాదు. ఆయన చుట్టూ తిరుగుతూ, ఏదైనా ఒక్క పని నాకు చెబుతాడేమోనని చచ్చేటంత ఆశగా చూసేదాన్ని. ఆయన చెప్పిన మాట ఒక్కటే.

"దూరంగా నిలబడే గుంటా, నీ సేతులు ఒక్క సోట ఉండవు."

ఆ ఏడు ఆయనకి కుదరని పని ఒకటే మిగిలింది. అద్దం తుడిచే వైపర్ల రబ్బరు గట్టిపడిపోయింది. వేస్తే కిర్రుకిర్రుమని అరిచేది. తెలుక్ ఇంటాన్‌లో దుకాణంవాడు సరుకు లేదు, వచ్చే వారం రమ్మన్నాడట. పెదనాన్న ఆ రబ్బరుని వేళ్ళతో నొక్కి చూస్తూ, తనలో తాను అనుకున్నట్టు, "ఎండిపోనాది. ఇది మెత్తబడితే గాని నీళ్ళు తుడవదు," అన్నాడు. ఆ మాట నేను విన్నాను. వినకపోతే ఎంత బాగుండేది!

ఆ తొందరకి కారణం అక్క పరీక్ష. అక్క అప్పుడు ఫారం ఫైవ్, అంటే బడిలో ఆఖరి ఏడు. మా ఇంట్లో అంత దూరం చదివిన ఆడపిల్ల అంతకుముందు లేదు. మా అమ్మ చదువు రెండో తరగతిలో ఆగింది, మామ్మకి సంతకమే రాదు. పరీక్ష తెలుక్ ఇంటాన్‌లో, దీపావళి అయిన మూడో రోజు, పొద్దున ఎనిమిదింటికి. మామూలు రోజుల్లో అక్క బస్సులో వెళ్ళేది. కానీ పెద్ద వాన పడి, సముద్రం పోటు కూడా తోడైతే రోడ్డు మీదికి నీళ్ళొచ్చి బస్సు ఆగిపోతుంది. తలుపు వేసే లోపల పరీక్ష హాల్లో లేకపోతే ఆ పరీక్ష పోయినట్టే, మళ్ళీ ఏడాది ఆగాలి. ఏడాది ఆగితే ఇక అక్కని చదివించరని మాకందరికీ తెలుసు. అప్పటికే ఒక సంబంధం వాళ్ళు రెండుసార్లు అడిగి వెళ్ళారు. అందుకే పెదనాన్న ఆ ఏడు వైర్లు రెండుసార్లు తుడిచాడు.

దీపావళి వచ్చింది. తెల్లవారకముందే మామ్మ మమ్మల్ని వరసగా పీట మీద కూర్చోబెట్టి, ఇత్తడి గిన్నెలోంచి నువ్వుల నూనె మాడు మీద మూడు చుక్కలు వేసి, తలంతా అంటి, ఒళ్ళంతా రుద్దింది. నేను గింజుకుంటుంటే గట్టిగా పట్టుకుని, "ఉండవే, నూనె అంటితే ఒళ్ళు మెత్తబడతాది, వానకీ సలికీ ఆగుతాది," అంది. పెదనాన్నతో సహా అందరికీ అంటింది. తర్వాత పెదనాన్న కారుని కడిగి, దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ముందు ఒక పువ్వు గుచ్చాడు. ఇంట్లో మనిషికి ఎంత చేస్తామో కారుకీ అంత చేశాడు. ఒక్కటి తప్ప. దానికి నూనె అంటలేదు.

నా బుర్రలో ఆ రెండు మాటలూ వచ్చి పక్కపక్కన కూర్చున్నాయి. మెత్తబడితే గాని తుడవదు అని ఆయన. నూనె అంటితే మెత్తబడతాది అని ఆవిడ. ఇంత పెద్దవాళ్ళకి ఇంత చిన్న సంగతి తట్టలేదేమిటా అని నాకు జాలి కూడా వేసింది.

పరీక్షకి ముందు రోజు సాయంత్రం, పెదనాన్న ఎవరింటికో వెళ్ళిన సమయం చూసి, దేవుడి మూలలో మిగిలిన నూనె గిన్నె తీసుకుని కారు షెడ్డులోకి వెళ్ళాను. స్టూలు ఎక్కి, ముందు పద్ధతి ప్రకారం కారు పైన మూడు చుక్కలు వేశాను. తర్వాత వైపర్లు రెండింటికీ నూనె బాగా పట్టించి, మామ్మ మా చేతులు రుద్దినట్టే కింది నుంచి పైకి, పై నుంచి కిందికి రుద్దాను. నూనె అద్దం మీదికి కారింది. వృథా పోతుందెందుకని అద్దమంతా నా పావడాతో పూశాను. చీకటి పడే వేళ అద్దం మిలమిల మెరిసింది. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. సంతోషం పట్టలేక అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నాను. పొద్దున పెదనాన్న వైపర్ వేసి, కిర్రుమనకపోవడం చూసి, "ఎవులు సేసినారు ఇది?" అని మెచ్చుకుంటూ అడుగుతాడు. అప్పుడు నేను మెల్లగా ముందుకొస్తాను. అంతవరకు ఊహించుకున్నాను.

పొద్దున్నే వాన. రేకుల మీద పడుతుంటే మాట వినపడనంత వాన. ఇంకా మసక చీకటిగానే ఉంది. అక్క తెల్ల యూనిఫాం వేసుకుని, పెన్నులూ స్కేలూ ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, ముందు సీటులో కూర్చుంది. మనవరాలు పరీక్ష రాసి వచ్చేదాకా బడి దగ్గరే కూర్చుంటానని మామ్మ పట్టుబట్టి వెనక ఎక్కింది. పండగ సెలవలు కాబట్టి నేనూ వస్తానని గొడవ చేసి పక్కన దూరాను. నా గొప్పతనం బయటపడే సమయానికి నేను అక్కడ లేకపోతే ఎలా?

పెదనాన్న వెనక్కి తిరిగి, "అమ్మా, సుట్టల డబ్బా ఏది?" అన్నాడు.

"ఇంటికాడే ఉందిరా," అంది మామ్మ. ఆవిడ నడుము దగ్గర అది నా మోచేతికి గుచ్చుకుంటూనే ఉంది.

తోట గేటు దాటి రోడ్డు మీదికి రాగానే పెదనాన్న వైపర్లు వేశాడు. కిర్రుమనలేదు. నేను మామ్మ చెయ్యి పట్టుకున్నాను. రెండోసారి, మూడోసారి వైపరు తిరిగేసరికి అద్దం మీద తెల్లటి తెర లేచింది. వాన నీళ్ళు జారకుండా ముద్దలు ముద్దలుగా అంటుకున్నాయి. వైపర్ తుడిచిన కొద్దీ అది ఇంకా మందంగా పరుచుకుంది. ఎదురుగా ఒక లారీ లైట్లు వస్తే అద్దమంతా ఒకటే వెలుగైపోయి ఏమీ కనపడలేదు. ఆ రోడ్డుకి రెండు పక్కలా లోతైన కాలువలు. పెదనాన్న కిటికీలోంచి తల బయటపెట్టి, ముఖం మీద వాన కొడుతుంటే కళ్ళు చికిలించుకుని నడిపాడు. అలా ఎంతో దూరం పోలేదు. ముందు ఎడమ చక్రం రోడ్డు దిగింది. కారు ఒక పక్కకి ఒరిగి ఆగిపోయింది. నా వైపు కిటికీలోంచి చూస్తే కింద కాలువ నీళ్ళే కనపడ్డాయి.

అక్క ఏడవలేదు. చేతి గడియారం చూసుకుంది. ఇదంతా నేను పూసిన నూనె పనేనని అప్పటికే నాకు తెలిసిపోయింది.

పెదనాన్న దిగి డిక్కీ తీసి కొబ్బరి డొక్కలు తెచ్చి చక్రం కింద కుక్కాడు. ఆయన దేనికి సిద్ధపడ్డాడో అది జరిగింది కాబట్టి కారు రెండు ప్రయత్నాల్లో రోడ్డెక్కింది. కానీ అద్దానికి ఆయన దగ్గర మందు లేదు. గుడ్డతో తుడిస్తే ఇంకా పూసుకుంది. ఆయన వేలితో అద్దం మీద గీసి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వానలో నిలబడి కారు లోపలికి చూశాడు. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

"నూనె! ఎవులు రాసినారు? ఎవులు?"

వాన శబ్దంలో కూడా ఆ అరుపు నాకు వెన్నులో దిగింది. నేను మామ్మ వెనక్కి నక్కాను. మామ్మ నా వైపు ఒక్కసారి చూసింది. పండగ నూనె మరకలతో ఉన్న నా పావడా అదే, పొద్దున మార్చుకోలేదు. ఆవిడ కళ్ళు ఆ మరకల మీద ఆగి, మళ్ళీ కిటికీ వైపు తిరిగాయి.

"నానే రాసినానురా. రబ్బరు ఎండిపోనాదన్నావు గదా. మిగిలిన నూనె ఉంటే రాసినాను. ఇప్పుడేటి? ముందు నన్ను దిగనీ."

పెదనాన్న తల్లిని ఎన్నడూ అననన్ని మాటలు అన్నాడు. ముసలితనం వచ్చాక మూల కూర్చోక కారు జోలికి ఎందుకు వచ్చావన్నాడు. పిల్ల బతుకు కాలవలో కలిపేశావన్నాడు. మామ్మ వింటూనే దిగింది. వింటూనే చీర మడతలోంచి డబ్బా తీసింది. ఆ డబ్బా చూసి ఆయన ఇంకా మండిపడ్డాడు. మామ్మ పట్టించుకోకుండా గోనె సంచి పైన పట్టుకోమంది. ఎవరూ కదలకపోతే, "బేగి పట్టుకోరా, టైము పోతంది!" అని గద్దించింది. ఆయన అరుస్తూనే సంచిని అద్దం మీద గొడుగులా పట్టాడు.

మామ్మ పొట్లం విప్పి బూడిదని తడి కొంగుకి అద్దుకుని అద్దం తోమడం మొదలుపెట్టింది. మా ఇంట్లో జిడ్డు గిన్నెలు తోమినట్టే, గుండ్రంగా తిప్పుతూ, మూలల దగ్గర వేలు పెట్టి. బూడిదా నూనే కలిసి నల్లటి ముద్దలా వచ్చింది. దాన్ని వాన నీళ్ళతో కడిగి, మళ్ళీ బూడిద. రబ్బర్లు రెండూ చిటికెన వేలితో తోమింది. తర్వాత ఒక చుట్ట విప్పి, ఆకు నలిపి, తడిపి, ఆ పొగాకు ముద్దతో అద్దమంతా రుద్దింది.

"నీకు ఇది ఎవులు సెప్పినారు?" అన్నాడు పెదనాన్న. గొంతు అప్పటికే కొంచెం తగ్గింది.

"మీ నాన్న లారీకి తుడిసే పుల్లలే నేవు. వానొస్తే పొగాకే రాసుకునేవోడు. నీళ్ళు నిలవవు, జారిపోతాయి. నువ్వు అప్పుడు సంకలో పిల్లోడివి."

తాతయ్య పోయేటప్పటికి పెదనాన్నకి నాలుగేళ్ళట. ఆ తోటలోనే ఆయనా లారీ నడిపాడని అందరికీ తెలుసు గానీ, ఎలా నడిపాడో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పెదనాన్న కారెక్కి వైపర్ వేశాడు. నీళ్ళు పల్చటి పొరలా జారిపోయాయి. రోడ్డు కనపడింది.

దారి పొడుగునా మామ్మ చీర నుంచి నీళ్ళు కారి సీటు తడిసింది. నేను ఆ తడి చీరకి ఆనుకుని, చెప్పేయాలి చెప్పేయాలి అనుకుంటూ, చెప్పలేక, కాళ్ళు ఆడిస్తూ కూర్చున్నాను. బడి గేటు దగ్గర కారు ఆగకముందే అక్క తలుపు తీసుకుని దూకి పరిగెత్తింది. ఆ తలుపు ఎంత గట్టిగా కొట్టుకుందో! పెదనాన్న ఆ తలుపు వైపు చూడనైనా లేదు. హాలు తలుపు మూసే మాస్టారు మా అక్కని చూసి ఒక్క క్షణం ఆగాడు. అక్క లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

పెదనాన్న వైపర్ రబ్బర్లు వెతకడానికి బజారుకి వెళ్ళిపోయాడు. మామ్మా నేనూ బడి క్యాంటీన్ బల్ల మీద కూర్చున్నాం. మామ్మకి వణుకు పట్టుకుంది. క్యాంటీన్ నడిపే మలయ్ ఆవిడ, పిన్నీ అన్నట్టు మేము మక్చిక్ అని పిలిచాం, చూసి లోపలికి తీసుకెళ్ళి తన పూల కైలీ, అంటే లుంగీ, ఒకటి ఇచ్చింది. ఎన్నడూ చీర తప్ప కట్టని మా మామ్మ ఎర్ర పూల బాతిక్ కైలీ కట్టుకుని బయటికి వచ్చింది. ఇంకో రోజైతే నేను దొర్లి దొర్లి నవ్వేదాన్ని. ఆ రోజు ఏడుపొచ్చింది.

మూడు గంటలు. నేను లేచి గేటు దాకా వెళ్ళి వచ్చేదాన్ని, కూర్చునేదాన్ని, మళ్ళీ లేచేదాన్ని. చివరికి ఆవిడ ఎదురుగా నిలబడి, నానే రాసినానని ఎందుకు చెప్పావు మామ్మా అని అడిగాను. ఆవిడ తడి చుట్టల్ని బల్ల మీద ఆరబెడుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"అద్దం కనపడనప్పుడు ఎవులు సేసినారని కూకుంటే, కాలవలో పడతాం. అప్పుడు తుడవాలి. అడగడం వాన తగ్గినాక."

అంతటితో అయిపోయిందనుకున్నాను. నా తప్పు ఆవిడ మీద వేసుకుంది, ఇక గొడవ లేదు అనుకుని లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నాను కూడా. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకు హాయిగానే అనిపించింది. పదకొండు కావస్తుంటే వాన ఆగింది. బడి ముందు మైదానంలో ఎండ పడింది. గేటు పక్కన పెదనాన్న కారు ఆపుకుని, కొత్త రబ్బర్లు దొరికినట్టున్నాయి, వంగి బిగిస్తున్నాడు. మామ్మ నా జబ్బ పట్టుకుని నన్ను అటు తిప్పింది.

"వాన తగ్గినాది. ఇంక ఎల్లు."

నేను కదల్లేదు. మామ్మ తొయ్యలేదు, కోప్పడలేదు. ఆ పూల కైలీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని నన్నే చూసింది. నా మూలంగా మాటలు పడ్డ మనిషి, నా మూలంగా తడిసి వణికిన మనిషి. ఇక నిలబడటం నా వల్ల కాలేదు. ఆ మైదానం దాటడానికి ఎంత సేపు పట్టిందో నాకు తెలియదు. ఎప్పుడూ పరిగెత్తే పిల్లని, ఆ రోజు అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళాను. పెదనాన్న వెనక నిలబడి, నానే రాసినాను, మామ్మ కాదు అన్నాను. పైన మూడు చుక్కలు కూడా వేశానని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, మొత్తం చెప్పేయాలనిపించింది.

ఆయన చేతులు ఆగిపోయాయి. కొడతాడనుకున్నాను. ఆయన నిటారుగా నిలబడి, కారు పైన చెయ్యి పెట్టి తడిమి చూశాడు. వాన కడగలేని జిడ్డు ఇంకా అక్కడ ఉంది. తర్వాత దూరంగా బల్ల మీద కూర్చున్న తల్లి వైపు చూశాడు. చాలా సేపు చూశాడు. ఆయన ముఖం ఎర్రబడింది, అది నా మీద కోపం కాదని నాకు ఆ వయసులో కూడా అర్థమైంది. చేతిలో ఉన్న గుడ్డ నా చేతిలో పెట్టి, ఇదిగో, ఇంకా జిడ్డుంది, తుడువు అన్నాడు. ఆ కారు మీద ఆయన నాకు ఇచ్చిన మొదటి పని అదే.

నేను తుడుస్తుంటే ఆయన రోడ్డు దాటి ఒక కొట్లోకి వెళ్ళి, కాగితంలో చుట్టిన ఏదో పట్టుకొచ్చాడు. అప్పటికి అక్క బయటికి వచ్చింది. మొదటి పేజీలో రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాసిందట, తర్వాత కుదురుకుందట. అందరం కారెక్కాం. పెదనాన్న మామ్మని ముందు సీటులో కూర్చోబెట్టి, ఆ పొట్లం ఆవిడ ఒళ్ళో పెట్టాడు. విప్పితే చుట్టల కట్ట.

"తడిసిపోనాయి గదా," అన్నాడు. క్షమించమనే మాట ఆయనకి రాదు.

"ఇంటికెళ్ళి కాల్సుకుంటాను లేరా."

"ఇక్కడే కాల్సుకో. అద్దం కొంచెం దింపుకో, సాలు."

మామ్మ అద్దం దింపలేదు. ఆ దారంతా మేము పొగలో దగ్గుతూ ఇంటికి వచ్చాం. పెదనాన్న ఒక్కడే దగ్గలేదు.

మామ్మకి నాలుగు రోజులు జ్వరం వచ్చింది. నేను గడప దాటకుండా ఆవిడ మంచం పక్కనే కూర్చున్నాను, అంతసేపు ఒకచోట కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. అరికాళ్ళకి నూనె రాస్తుంటే పెదనాన్న వచ్చి చూసి, "ఆఁ, నూనె రాయాల్సింది అక్కడ," అని వెళ్ళిపోయాడు. ఆ ఏడు అక్క పరీక్ష గట్టెక్కింది. తర్వాత టీచరు ట్రైనింగుకి వెళ్ళింది. వానల ముందు ఆదివారం వస్తే వైపర్లు తుడిచే పని నాది. అంతకు మించి దేన్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదనుకోండి.

నేను గొప్పదాన్నైపోయానని చెప్పను. నా నోరు చెడ్డది. ఏదైనా పగిలితే, ఏదైనా పోతే, ఎవరు చేశారనే మాట ముందు నా నాలుక మీదికే వస్తుంది. మా పిల్లల్ని పెంచేటప్పుడు చాలాసార్లు మింగలేకపోయాను. ఆ సంగతి వాళ్ళకీ గుర్తే.

కానీ కిందటేడు వానల్లో మా మనవరాలు నా కారు తీసుకుని యూనివర్సిటీకి వెళ్ళింది. వద్దన్న దారిలోనే వెళ్ళి, నీళ్ళలో ఇరుక్కుని, ఫోను చేసింది. వెనక హారన్లు, వాన, దాని ఏడుపు. ఎవరు వెళ్ళమన్నారు ఆ దారిలో అనే మాట నా పళ్ళ దాకా వచ్చింది. నేను ఇల్లంతా తిరుగుతూ, బండి వదిలేసి మెట్టెక్కు, ఎత్తున నిలబడు, మామయ్య వస్తున్నాడు, నేను లైనులోనే ఉంటాను అని అదే మాట పదిసార్లు చెప్పాను. ఇంటికి తడిసి వచ్చింది. తువ్వాలు ఇచ్చాను, వేడి పాలల్లో మైలో కలిపి ఇచ్చాను. మా అమ్మాయి వంటింట్లోంచి ఏదో అడగబోతే చెయ్యి అడ్డం పెట్టాను. నా కారులో ముందు పెట్టెలో మామ్మ రేకు డబ్బా ఉంటుంది, ఒక చుట్టా ఒక బూడిద పొట్లంతో. వాన పడితే వాటంతట అవే తిరిగే వైపర్లున్న కారుకి అది దేనికని ఇంట్లో అందరూ నవ్వుతారు. ఆ పిల్ల బండి వదిలి వస్తూ ఆ డబ్బా ఒక్కటి మాత్రం చేత్తో పట్టుకొచ్చింది.

సాయంత్రం వాన ఆగింది. నేను బాల్కనీలో నిలబడి ఉన్నాను. అది వచ్చి పక్కన నిలబడి, డబ్బా మూత తీస్తూ వేస్తూ, దానికి వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్నీ, ఇక్కడి వాళ్ళు మాట చివర తగిలించే 'లా'నీ కూడగట్టుకుంది.

"అమ్మమ్మా, నేనే లా. నువ్వు వద్దన్నావు, నేనే ఆ దారిలో ఎల్లినాను."

నేను అడగలేదు. అది చెప్పేదాకా, ఎన్నడూ లేనిది, ఒకచోటే నిలబడి ఉన్నాను.